బల్బులో మా నాయన చేను

ఆ ఎండాకాలం మా ఇంట్లో గ్లాసుడు నీళ్ళు తాగాలంటే ముందు మా ఆయన్ని అడగాల్సి వచ్చేది. కిటికీ గూట్లో ఉన్న గ్లాసు మీద చెయ్యి పడితే చాలు, "ఏమ్మే, ముట్టద్దు! దాంట్లో గుట్ట ఉండాది" అని అరిచేవాడు. గ్లాసుకు ఇవతల మూడుకాళ్ళ కెమెరా, కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని ఆయన. వంగి చూస్తే గ్లాసు నీళ్ళలో నిజంగానే బళ్ళారి కోట గుట్ట ఉండేది, కుడిపక్కది ఎడమకు, ఎడమపక్కది కుడికి మారి. నోరెండిపోతున్న మనిషికి గుట్ట ఎటు తిరిగుంటే ఏం? అయినా కుండ దగ్గరికి పోయి చేతులతో తాగేదాన్ని.

అరవై ఆరో సంవత్సరం అది. వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. బెంగళూరు రోడ్డు వెనక సందులో మాది చిన్న ఫోటో స్టూడియో. ముందు గదిలో స్టూడియో, వెనక గదిలో మేము. పెళ్ళిచూపుల పటాలు తగ్గిపోయాయి, కరువులో పెళ్ళిళ్ళెవరు చేస్తారు? ఆ మూడు నెలల్లో వచ్చిన పనంతా చచ్చిపోయినవాళ్ళ పటాలే. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి, వెనక ఎవరో ఒకరు తల పట్టుకుంటే మా ఆయన పటం తీసి వచ్చేవాడు. వచ్చి అన్నం తినేవాడు కాదు. గాజు సామాన్లు ముందేసుకుని కూర్చునేవాడు.

ఆయన పేరు ఎర్రిస్వామి. ఆ పేరు పట్టుకుని సందులో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. చెయ్యరా మరి? గోలీసోడా సీసాలోంచి బజారును పటం తీస్తాడు. లాంతరు చిమ్నీలోంచి పత్తి మిల్లు పొగగొట్టం తీస్తాడు. మా అత్త కళ్ళద్దాలు గోడ మీద పెట్టి వాటిలోంచి పొలాలు తీస్తే, ఆ ముసలమ్మ రెండు రోజులు గోడ పట్టుకుని నడిచింది. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనవి కాలిపోయిన స్టూడియో బల్బులు. ఒక్కొక్కటి చిన్న బుడంకాయంత ఉండేది. మూతి ఊడగొట్టి, లోపలి తీగ లాగేసి, నీళ్ళు నింపి, మైనంతో మూసేవాడు. గ్లాసైతే కుడి ఎడమలను మాత్రమే మార్చేది. గుండ్రటి బల్బు అట్లా కాదు, కిందామీదా కూడా చేసేది. దాంట్లో గుట్ట పైనుంచి వేలాడేది, ఆకాశం కింద పరుచుకునేది. అట్లాంటి పటాలు ఇరవైకి పైగా తీశాడు. ఒక్కటీ ఎవరూ అడిగింది లేదు.

"గుట్టను తలకిందులు చేస్తే కోటలోని ఫిరంగులు మన నెత్తిన పడవా, ఎర్రిస్వామీ?" అనేవాడు చెన్నకేశవరావు. ఆయన మా ఎదురింటాయన, సర్కారు ఆఫీసులో గుమాస్తా. మా ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. "ఉండేది ఉన్నట్ల తీసి తీసి అలుపొచ్చిందప్పా" అనేవాడు.

ఉగాది దాటిన వారానికి మా నాయన కనకప్ప వచ్చాడు. రూపనగుడి దగ్గర బస్సు ఎక్కాలంటే మా ఊరి నుంచి గంటన్నర నడవాలి. ఎప్పుడొచ్చినా కాళ్ళు కడుక్కుంటే గానీ గడప దాటని మనిషి, ఆ రోజు వచ్చినవాడు వచ్చినట్టే గోడకానుకుని కూలబడ్డాడు.

"అమ్మా ఉచ్చెంగీ, సర్కారోళ్ళు మేత డిపో పెడతారంట. కరువు ఊర్ల పట్టీలో పేరు ఎక్కిన ఊరికే చొప్ప ఇస్తారు. ఎక్కకుంటే గడ్డిపోచ కూడా రాదు."

"ఎద్దులెట్లుండాయి నాయనా?"

"లేస్తాండాయి, పడతాండాయి. కొట్టం మీది కప్పు కూడా పెరికి ఏసేసినా. ఇంక ఏసేకి ఏమీ లేదు."

మైలెద్దు, కర్రెద్దు. రెండింటినీ దూడలప్పుడు తెచ్చి మా నాయన చేతులతో సాకాడు. మా అమ్మ పోయినాక ఇంట్లో ఆయన మాట్లాడేది వాటితోనే, మా అవ్వతో కాదు. నాలుగెకరాల నల్లరేగడి చేను, ఆ రెండెద్దులు, అంతే ఆయన ఆస్తి.

"అవి పోతే నేను కూలోన్ని అవుతా తల్లీ. అరవై ఏండ్లోన్ని కూలికెవరు పిలుస్తారు?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

సాయంత్రం చెన్నకేశవరావు వచ్చి సంగతి విని ఒక ఉపాయం చెప్పాడు. "అర్జీకి పటం అంటించి ఇయ్యండప్పా. మా సాహేబు చదివేదానికంటే చూసేది జాస్తి. చేను ఎండింది కండ్లకు కనపడితే పట్టీలో రాసేస్తాడు. ఈడ ఇంట్లోనే ఫోటోగ్రాఫరును పెట్టుకొని ఏడుస్తాండారు!"

మా ఆయన వెంటనే లేచి కెమెరా తుడవడం మొదలుపెట్టాడు. పటం తీసే గాజు ప్లేట్లు దొరకని కాలం అది, మిగిలినవి రెండే.

మరునాడు పొద్దున ముగ్గురం పోయాం. నేరుగా చేనికే పోయి చూశాం. నల్లరేగడి నెర్రెలు విచ్చి, ఒక్కో నెర్రెలో మోకాలిదాకా కాలు దిగబడేట్టుంది. జొన్న మొదళ్ళు కూడా లేవు, వాటినీ పీకి ఎద్దులకు వేసేశారు. నాయన ఎద్దుల్ని తోలుకొచ్చి గట్టు మీద నిలబెట్టాడు. నిలబెట్టాడు అంటే, మైలెద్దు నిలబడేదాకా దాని కొమ్ము పట్టుకున్నాడు.

మా ఆయన కెమెరా నిలబెట్టేసరికి మా అవ్వ హనుమంతమ్మ చేతిలో నీళ్ళచెంబుతో వచ్చి అడ్డం నిలబడింది.

"ఎండిన నేలను పటం తీస్తావేరా! పటంలో ఎట్లుంటే అట్లే నిలిచిపోతాది అది. చచ్చినోళ్ళకు తీస్తారు అట్ల. నా కండ్లముందర నా చేనికి పాడె కడతావా?"

"అవ్వా, అర్జీకి కావల్ల..."

"అర్జీ లేదు గిర్జీ లేదు. బండి కట్టినా, విత్తనం ఏసినా, ముందర నీళ్ళు పెట్టకుండా ఈ చేన్లో ఏ పనీ చేసింది ల్యా. నీళ్ళు పెట్టి తియ్, లేకుంటే పో."

నేను అవ్వను పక్కకు లాగబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన ముఖం చూసి నాకు అర్థమైపోయింది. నెలల తర్వాత ఆ ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన పెద్ద బల్బు తీశాడు. అవ్వ చెంబులోని నీళ్ళే నింపి, మైనం పెట్టి మూసి, దాని మెడను నెర్రెలోకి గుచ్చాడు. గుండ్రటి కడుపు మాత్రం నేల పైకి కనపడుతూ నిలిచింది.

"నీళ్ళు పెట్టినా అవ్వా. చాలునా?"

"ఇంతేనా?" అని సణిగింది గానీ పక్కకు జరిగింది.

ఆయన నేలమీద బోర్లా పడుకున్నట్టు వంగి, కెమెరాను కిందికి దించి, చాలాసేపు సర్దుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి నల్లగుడ్డ కిందికి దూరమన్నాడు. కెమెరా అద్దంలో లోకం ఎప్పుడూ తలకిందులే కదా. నాయన తలకిందులు, ఎద్దులు తలకిందులు, చేనంతా తలకిందులు. బల్బులో మాత్రం రెండోసారి తిరగబడి అన్నీ సరిగ్గా నిలబడి ఉన్నాయి. వేలంత నాయన, వేలంత ఎద్దులు, చక్కగా కాళ్ళ మీద. నాకెందుకో కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"పటం కడిగినాక ఇది మారిపోతాదిలే. బయట మామ నిటారుగా ఉంటాడు, బల్బులో తలకిందులవుతాడు" అన్నాడు ఆయన.

ఆ ఒక ప్లేటు అయిపోయింది. అవ్వ బల్బులోని నీళ్ళు ఒక్క చుక్క పోనీయకుండా దోసిట్లో పట్టుకుని మైలెద్దు మూతికి రాసి, ఇంటికి పోయింది. ఆమె కనుమరుగు కాగానే మా ఆయన రెండో ప్లేటు వేసి ఉత్త చేనును ఉన్నదున్నట్టు తీశాడు. "అర్జీకి ఇదే" అన్నాడు నాతో. "బల్బుది నాకు."

ఇంటికొచ్చి రెండు పటాలూ కడిగి, వెనక గదిలో దండెం మీద ఆరవేశాడు. పొద్దున్నే సిరుగుప్ప పక్కన ఎవరో పెద్దాయన పోయాడని కబురొస్తే పెట్టె ఎత్తుకుని బయల్దేరాడు. పోతూ పోతూ గడపలో ఆగి చెప్పాడు. "మామ వస్తాడు. ఉత్తది కవర్లో పెట్టియ్యి. బల్బుది ముట్టద్దు."

నేను రెండింటినీ దించి వెలుతురులో పెట్టుకుని చూశాను.

ఉత్త పటంలో నాయన నెర్రెల మధ్య నిలబడి ఉన్నాడు. కళ్ళు గుంటలు పడి, చెంపలు లోపలికి పోయి, నోరు కొంచెం తెరుచుకుని. ఆ మూడు నెలల్లో తీసిన శవాల పటాలు, నా చేతులతో కడిగి ఆరేసినవన్నీ గుర్తొచ్చాయి. వాటికీ దీనికీ తేడా ఏముంది? దండ ఒక్కటి తక్కువ. అవ్వ అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. పటంలో ఎట్లుంటే అట్లే నిలిచిపోతుందట. పిచ్చి మాటే, నాకు తెలుసు. ఫోటోగ్రాఫరు పెళ్ళాన్ని నేను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అయినా ఆ పటాన్ని నా ముందు ఉంచుకోలేక గూట్లో పెట్టేశాను.

రెండో పటం అట్లా లేదు. పైన మసకగా నాయన, ఎద్దులు, నెర్రెలు. కింద సగం పటం నిండా ఆ గాజు గుండు, తెల్లగా మెరుస్తూ. దాంట్లో నాయనా ఎద్దులూ తలకిందులుగా, గీసినంత స్పష్టంగా. ఆ పటంలో మా నాయన బతికి ఉన్నాడు. చేను కూడా కనపడుతోంది కదా, నెర్రెలూ కనపడుతున్నాయి కదా, అనుకున్నాను. ఇంకేం కావాలి సాహేబుకు?

నాయన వచ్చి చెయ్యి చాపాడు. నేను బల్బు పటం కవర్లో పెట్టి ఇచ్చాను. ఆయన తీసి చూసి, "ఇదేనా?" అన్నాడు. గూట్లో ఉన్న ఉత్త పటం వైపు కూడా ఒకసారి చూశాడు.

"ఇదే నాయనా. అవ్వ చెప్పినట్ల నీళ్ళతోనే ఉండాది. శుభం."

"నీకు తెల్సులే" అని కవరు బొడ్లో దోపుకుని పోయాడు.

ఉత్త పటాన్ని నేను ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద పెట్టేశాను. మా ఆయన తిరిగొచ్చి తన పటం ఏదని అడిగితే, పెట్టెలో భద్రంగా ఉందన్నాను.

పన్నెండు రోజుల తర్వాత చెన్నకేశవరావు ఆఫీసు నుంచి నేరుగా మా స్టూడియోకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ మామ ఊరు పట్టీలో నుంచి కొట్టేసినారప్పా. సాహేబు పటం మింద రాసినాడు, చేన్లో నీళ్ళు నిలిచి ఉండాయి, కరువు లేదు అని. మనిషి నీడ, ఎద్దుల నీడ నీళ్ళలో తలకిందులుగా కనపడతాండాది గదా. నేను గుడక చూస్తి. అచ్చం నీళ్ళగుంటే!"

మా ఆయన నా వైపు తిరిగాడు. "కవర్లో ఏది పెట్టినావు?"

"నువ్వు చెప్పిందే" అన్నాను.

అంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం. ఆయన ఇంకేమీ అడగలేదు. దండెం దగ్గరికి పోయి, ఖాళీ తీగ చూస్తూ నిలబడ్డాడు. "నేనే తారుమారు చెప్పినట్లుండాను. ఆ పొద్దు నిద్ర లేదు" అని తనలో తాను అనుకుంటూ తల కొట్టుకున్నాడు. నేను అప్పుడైనా చెప్పుండాల్సింది. పొయ్యి మీద ఎసరు కాగుతోందని లోపలికి వెళ్ళిపోయాను.

మరునాడు నాయనను పిలిపించి ముగ్గురం ఆఫీసుకు పోయాం. మా ఆయన చంకలో బల్బు, నా చేతిలో నీళ్ళ సీసా, నాయన బొడ్లో పెట్టె అడుగు నుంచి తీసిన ఉత్త పటం. వసారాలో మధ్యాహ్నం దాకా నిలబెట్టి, అప్పుడు పిలిచారు. సాహేబు కన్నడం మనిషి, తెలుగు బాగానే వస్తుంది. చెడ్డవాడేం కాదు. అది చెప్పాలి.

మా ఆయన బల్బులో నీళ్ళు నింపి, మేజా మీదున్న సిరాబుడ్డి మూతి మీద నిలబెట్టి, "ఒక్కసారి వంగి చూడండి సామీ" అన్నాడు. కిటికీలోంచి బయట ఆగి ఉన్న జీపు బల్బులోకి వచ్చింది, చక్రాలు పైకి పెట్టుకుని. సాహేబు వంగి చూశాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు. చిన్నపిల్లాడి మాదిరి నవ్వేశాడు.

"ఏయ్, బర్రో ఇల్లి! నమ్మ జీపు ఉల్టా ఆగేతి!" అని, ఇటు రండిరా, మన జీపు తిరగబడిందని కన్నడంలో కేక వేశాడు.

గుమాస్తాలందరూ వచ్చారు. ఒకరి వెనక ఒకరు వంగి చూసి నవ్వారు. నాయన గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ళు నవ్వుతుంటే తనూ కొంచెం నవ్వాడు. పని అయిపోయిందనుకున్నాడు పాపం. నేనూ అనుకున్నాను.

"అర్థమైందప్పా" అన్నాడు సాహేబు. "పటంలో మెరిసేది చేన్లో నిలిచిన నీళ్ళు కాదు, గాజులో పడిన ఆకాశం. శానా బాగుండాది నీ పనితనం."

"అయితే మా మామ ఊరు పట్టీలో..."

"అదే చెప్తాండా విను. ల్యాని నీళ్ళు ఉన్నట్ల చూపించినావు. రేపు ల్యాని నెర్రెలు చూపించవని ఏం నమ్మకం? ఇంక నువ్వు ఏ పటం తెచ్చినా నేను నమ్మేకి లేదు. మా ఇన్స్పెక్టరు వచ్చి కండ్లారా చూస్తాడు. చూసినాక రాస్తాం."

"ఎప్పుడొస్తాడు సామీ?" అన్నాడు నాయన. ఆ ఆఫీసులో ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"వరసలో వస్తాడు. మీ ముందర ఇంకా శానా ఊర్లుండాయి."

బయటికొచ్చాక మా ఆయన బల్బులోని నీళ్ళు మెట్ల పక్కన పారబోసి, బల్బును అక్కడే గోడవార పెట్టి వచ్చేశాడు. ముగ్గురం బస్సు దాకా నడిచాం. బస్సెక్కుతూ నాయనే అన్నాడు, "పోనీలేప్పా. నీళ్ళు ఉన్నట్ల కనపడితే కరువు లేదనుకోక ఏమనుకుంటాడు ఆయన మాత్రం!"

ఆ తర్వాత మా ఇంట్లో గ్లాసులన్నీ వంటింట్లోకి వచ్చేశాయి. ఎవరు కావాలంటే వాళ్ళు తాగొచ్చు. నేను మాత్రం ఇంకా కుండ దగ్గరికే పోయి చేతులతో తాగేదాన్ని.

ఇన్స్పెక్టరు ఇరవై మూడు రోజులకు వచ్చాడు. అప్పటికి ఆరు రోజుల ముందే మైలెద్దు పడుకుని మళ్ళీ లేవలేదు. ఒంటెద్దును పెట్టుకుని ఏం చేస్తాడు? కర్రెద్దును సంతకు నడిపించుకుపోయి అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో మాకు చెప్పలేదు, మేము అడగలేదు. ఇన్స్పెక్టరు నెర్రెల్లో కర్ర దింపి చూసి, అయ్యయ్యో అనుకుని, రాసుకుపోయాడు. వారం తిరక్కుండా ఊరి పేరు పట్టీలో ఎక్కింది. కురుగోడులో డిపో పెట్టి, ఇంటింటికీ చీటీలు పంచారు. నాయన చీటీలో రాసి ఉంది: కనకప్ప, ఎద్దులు రెండు.

చొప్ప ఇచ్చే మొదటి రోజే నాయన డిపో నుంచి మా ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు.

"చీటీ మన పక్క చేని మారెప్పకు ఇచ్చేసినా. వాని ఎద్దులు ఇంకా ఉండాయి. తింటాయి" అన్నాడు. "రేపట్నుంచి కరువు పనికి పోతా. రాళ్ళు కొట్టేకి ముసలోళ్ళను గుడక తీసుకుంటారంట."

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆ రెండు నెలల్లో ఆయన వెంట్రుకలు చెవుల దగ్గర నెరిశాయి. "నా వల్లే మామా" అన్నాడు. "నేను సరిగ్గా చెప్పుంటే..."

నాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఒక మాట చెప్పేకే వచ్చినా అల్లుడా. ఆ పొద్దు ఆ పటం ఏరుకునింది నేనే. ఉచ్చెంగి వద్దనే అనింది, ఇంకోటి తీస్కపో నాయనా అని మొత్తుకొనింది. నేనే వినకుండా మొండికేసి తీస్కపోయినా. నీళ్ళుండాయి, శుభం అనుకుంటి. తప్పు నాది. నువ్వు మనసులో పెట్టుకోవద్దు."

నా చేతిలో అంబలి కుండ ఉంది. అది అట్లానే పట్టుకుని నిలబడిపోయాను.

మా ఆయన నాయనను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నువ్వు చెప్పిందే పెట్టానని నేనన్న మాట ఆయన మరిచిపోయే మనిషి కాదు. నాయన వినకుండా తీసుకుపోయుంటే, ఆ మాట ఆ రోజే చెప్పేదాన్ని కదా. ఆయనకంతా తెలిసిపోయింది. చూస్తూనే ఉన్నాను, తెలిసిపోవడం. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని కాచుకున్నాను.

"ఏమ్మే, మామకు అంబలి పొయ్యి. నడిచి వచ్చినాడు" అన్నాడు.

పోశాను. నాయన తాగి, మళ్ళీ గిన్నె చాపాడు. మళ్ళీ పోశాను. ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు. నేనే నాయనా, నేనే పెట్టాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ప్రమాణంగా వచ్చింది. కానీ వాళ్ళిద్దరూ అప్పటికే వానల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన కూడా పోయాడు. నిండు కాపురం చేశాం, ఎన్నో పోట్లాటలు పోట్లాడుకున్నాం, ఎంత కోపంలోనూ ఆ ఒక్క మాట నా ముఖాన కొట్టలేదు ఆయన. నాయనా అంతే. ఇద్దరూ నన్నేమీ అడక్కుండానే పోయారు. ఒక్కసారి నిలదీసి, నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాత పోయుంటే ఎంత బాగుండేది!